సున్నపు బీడులో ఆవు అరుపు

పొద్దు గూకిందంటే సున్నపు బీడు పక్కనుంచి మనిషన్నవాడు నడిచేవాడు కాదు.

వూర్డెన్ నుంచి జున్ను పడవలు నడిపేవాళ్ళు ఆ మలుపు రాగానే మాటలు ఆపేసేవాళ్ళు. గడ నీళ్ళలో పడే చప్పుడు కూడా రాకూడదన్నట్టు మెల్లమెల్లగా తోసుకుంటూ పోయేవాళ్ళు. కరకట్ట మీద బండిలో రొట్టెలు తెచ్చేవాడు తిన్నని దారి వదిలేసి ఊరంతా చుట్టి వచ్చేవాడు. ఎందుకయ్యా ఈ తిరుగుడు అని అడిగితే టోపీ సర్దుకునేవాడే గాని నోరు విప్పేవాడు కాదు.

విప్పక్కర్లేదు. అందరికీ తెలుసు. ఆ బీడు కింద ఊళ్ళో ఆవులన్నీ ఉన్నాయి.

పశువుల మారి వచ్చిన ఏడాది అది. ఓడలో దిగిందన్నారు, గాలిలో వచ్చిందన్నారు, మన పాపాలకి దేవుడు పంపాడన్నారు. ఎలా వస్తేనేం... ఒక చావిట్లో ఒక్క ఆవుకి కన్నూ ముక్కూ కారితే చాలు, సిపాయిలు దిగేవాళ్ళు. జబ్బుదాన్నీ, జబ్బు లేనిదాన్నీ, ఆ పూటే ఈనినదాన్నీ అన్నిటినీ తోలుకుపోయి ఆ బీడులో గోతుల ముందు నిలబెట్టి కాల్చారు. పైన బళ్ళకొద్దీ సున్నం పోశారు. పచ్చగా ఉండాల్సిన నేల తెల్లగా పాలిపోయి, వానొస్తే పొగలు కక్కేది.

అప్పట్నుంచీ మొదలైంది.

చీకటి ముసిరే వేళకి ఆ బీడు వైపు నుంచి ఆవు అరుపు వినబడేది. మంద అరుపు కాదు. ఒక్కటే. పొదుగు బరువెక్కి, పాలు పితికే మనిషి కోసం అరుస్తుందే... అలాంటి అరుపు. సాగదీసి... ఆగి... మళ్ళీ.

ఊళ్ళో ఆవన్నదే లేదు. మరి అరుస్తున్నది ఏది?

మొదట విన్నది త్యూనిస్. ఆయన చర్చి పెద్ద. జీవితంలో అబద్ధమాడి ఎరగని మనిషని పేరు. తన మందను కాల్చిన రోజున కుప్పకూలి, కాళ్ళు చచ్చుబడి, కిటికీ పక్కన కుర్చీలో పడ్డాడు. ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళందరితోనూ ఒకటే మాట చెప్పేవాడు. "నా ఆవులు పిలుస్తున్నాయి. అటు పోకండి. పోయినవాణ్ణి వెంట తీసుకుపోతాయి."

వేరేవాడు చెబితే నవ్వి ఊరుకునేవాళ్ళు. చెప్పింది త్యూనిస్ కాబట్టి ఊరంతా తలుపులు బిగించుకుంది.

ఆర్నౌట్ ఫింక్ ఆ ఊరికి తిరిగొచ్చింది ఇలాంటప్పుడు.

ఆర్నౌట్ బొమ్మలు వేస్తాడు. అంటే ఆవుల బొమ్మలు. పచ్చిక, కాలవ, మబ్బులు, వాటి మధ్య నిలబడో పడుకునో నెమరు వేస్తూ ఆవులు. మనుషుల మొహాలు ఆయనకి చేతకావు. ఒకసారి హేగులో ఎవరో పెద్దింటావిడ బొమ్మ వేస్తే, ఆమె మొగుడు చూసి, మా ఆవిడ ఎప్పుడు ఈనుతుందని అడిగాడట. ఆ మాట ఆర్నౌటే చెప్పుకుని నవ్వేవాడు. ఆవుని మాత్రం ఆయన వేస్తే, దాని ఊపిరి వెచ్చదనం చూసేవాడి చేతికి తగిలేది.

ఆ వేసవిలో ఆయన త్యూనిస్ ఇంట్లోనే దిగి, ఆ మందతో ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. ఆకాశం అయింది. గడ్డి అయింది. ఆవుల చోట సుద్దగీతలు మాత్రమే ఉన్నాయి. అవి పూర్తి చేద్దామని నవంబరులో వచ్చాడు. మారి సంగతి విన్నాడు గాని, కొన్నయినా మిగిలి ఉంటాయనుకున్నాడు.

చావిడి తలుపు తీస్తే — కడిగిన నేల. ఖాళీ గడ్డితొట్లు. పలుపులు కూడా లేవు, కాల్చేశారు.

త్యూనిస్ భార్య హిల్లెగొండ ఆయన వెనకే నిలబడి చూస్తోంది. పొడుగాటి మనిషి, ఎండిపోయిన చేతులు. "మీరు ఉంటే ఉండండి బాబుగారూ. పడక ఉంది. వేయడానికే ఏమీ లేదు," అంది.

వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ఎక్కడికి? మారికి భయపడి ఏ రైతూ పరాయివాణ్ణి చావిట్లోకి రానివ్వని రోజులు. ఆవులు లేకపోతే ఆర్నౌట్ కూడా లేనట్టే.

ఉండిపోయాడు. పగలంతా సుద్దగీతల ముందు కూర్చునేవాడు. సాయంత్రం నీళ్ళలో వండిన బార్లీ జావ తాగేవాడు. చీకటి పడగానే త్యూనిస్ చెయ్యెత్తేవాడు, మాట్లాడొద్దన్నట్టు. దూరంగా... అరుపు. హిల్లెగొండ చేతిలో గరిటె ఆగిపోయేది. కాసేపటికి ఆమె శాలువా కప్పుకుని, ప్రార్థన చేసుకుని వస్తానని బయటికి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం ఆర్నౌట్ నది ఒడ్డున సారాయి అంగడికి వెళ్ళాడు. అవతలి గట్టున ఏ ఇంట్లోనైనా ఆవులు మిగిలాయేమో కనుక్కుందామని. తిరిగి బయల్దేరేసరికి పొద్దు అలా చూస్తుండగానే కుంగిపోయింది. కాలవల్లోంచి పొగమంచు లేచింది. కట్ట మీద ముందు మోకాళ్ళు కనబడలేదు, తర్వాత చేతులూ కనబడలేదు.

దగ్గరి దారి సున్నపు బీడు పక్కనుంచే.

ఆయన చదువుకున్నవాడు. ఆవు అస్థిపంజరాన్ని ఎముక ఎముకా గీసినవాడు. చచ్చిన ఆవు అరవదని ఆయనకి బాగా తెలుసు. అయినా... ఆ దారిలోకి తిరిగాక ఆయన అడుగులు ఆయనకే గట్టిగా వినబడడం మొదలుపెట్టాయి.

సున్నం వాసన గొంతులో గరగరలాడింది.

బీడు చివర మొండి గాలిమర ఉంది. ఒకప్పుడు పల్లపు నీళ్ళు తోడేది. ఆవిరి యంత్రం వచ్చాక రెక్కలు విప్పుకుపోయారు, మొండెం మిగిలింది. ఆ మొండెం మంచులో మెల్లగా నల్లబడుతూ ముందుకొచ్చింది.

అప్పుడు...

అంబా —

ఆర్నౌట్ నిలబడిపోయాడు.

అది గాలిలోంచి రాలేదు. ఇంటి దగ్గర విన్నప్పుడు దూరం నుంచి వచ్చినట్టుండేది. ఇక్కడ — నేలలోంచి వస్తోంది. కాళ్ళ కింద నుంచి. సున్నం కింద నుంచి.

మళ్ళీ. ఈసారి ఇంకా దగ్గరగా. ఆయన కదిలాడా, అదే కదిలిందా — తెలియలేదు.

పరిగెత్తుదామనుకున్నాడు. ఇన్నాళ్ళుగా ఒక్క ఆవునీ చూడని కళ్ళు మాత్రం పోనివ్వలేదు. ఆ గొంతు ఎంత బాగుందో... దెయ్యమైనా సరే, ఒక్కసారి చూడాలనిపించింది.

గాలిమర పునాది దగ్గర, నేలకి జానెడు ఎత్తులో చిన్న వెలుగు కదిలింది. ఆరిపోయింది.

ఆయన తలుపు నెట్టాడు. కటిక చీకటి. చెయ్యి చాపాడు. వేళ్ళకి ఏదో తగిలింది — వెచ్చగా, తడిగా, గరుకుగా. చేతిని కింద నుంచి పైకి నాకింది.

నాలుక.

అదే క్షణంలో గొంతు మీద చల్లగా ఇనుప మొనలు ఆనాయి. గడ్డి ఎత్తే పంగల కర్ర.

"అరవకండి," అంది చీకట్లో ఒక ఆడగొంతు. "అరిస్తే పొడుస్తాను."

హిల్లెగొండ.

లాంతరు మీద కప్పిన గోనె తీసింది. వెలుగులో, గడ్డి పరుపు మీద, చూలుతో బరువెక్కిన ఆవు నిలబడి ఉంది. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల చార. బ్లెస్. వేసవిలో ఆర్నౌట్ సుద్దతో గీసిన మందలో అన్నిటికన్నా చిన్నది. దాని వెనక నేలలో పాత నీటిచక్రం గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. అరుపు అందులోకి దిగి, భూమిలోంచి వచ్చినట్టు బయటికి పోతోంది.

సిపాయిలు వచ్చే ముందు రాత్రి దాన్ని తీసుకొచ్చి ఇక్కడ కట్టేసిందట హిల్లెగొండ. కాలవలో పడి కొట్టుకుపోయిందని అందరికీ చెప్పిందట. మొగుడికీ అదే చెప్పింది. ఆయన నమ్మి, ఇంటికొచ్చిన మేయరు ముందు బైబిలు మీద చెయ్యేసి, నా పశువుల్లో ఇక ఒక్కటీ మిగల్లేదని ప్రమాణం చేశాడు. బ్లెస్ నోరు కట్టేద్దామని చాలాసార్లు అనుకుందట. చేతులు రాలేదట. పశువు ఒంటరిగా ఉండలేదు కదా అంది.

"ఆయనకి తెలియకూడదు బాబూ. తెలిస్తే తెల్లారేసరికి తనే పాక్కుంటూ పోయి మేయరుకి చెప్పేస్తాడు. ఆయన మనిషి అలాంటివాడు. ఇది ఈనిందా, పెయ్యదూడ పుట్టిందా — మేము మళ్ళీ బతుకుతాం. ఇదొక్కటే ఉంది మాకు."

ఆర్నౌట్ ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"దీన్ని గీసుకోనిస్తావా అమ్మా?" అని అడిగాడు.

కాదనే దారి ఆమెకెక్కడిది? రహస్యం ఇప్పుడు ఆయన చేతుల్లో ఉంది. ఆయన ఆ ఉద్దేశంతో అడగలేదు. కానీ ఆమెకి అలాగే వినబడింది. సరేనని తల ఊపింది.

ఆ తర్వాత రోజూ చీకటి పడ్డాక ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళేవాళ్ళు. ఆమె పాలు పితికేది, గడ్డి వేసేది. ఆయన లాంతరు దగ్గర బొగ్గుతో గీసేవాడు. బ్లెస్ ఆయనకి అలవాటుపడింది. అడుగుల చప్పుడు వినగానే అరుపు ఆపి, తల ఇటు తిప్పేది. పగలు ఆయన ఆ గీతల్ని పెద్ద బొమ్మలోకి ఎక్కించేవాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు.

పాలు త్యూనిస్ తాగేవాడు. పాస్టరు గారి మేకపాలు అని చెప్పేది ఆమె. ఆయన గ్లాసు ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుని, మంచి మేక అనేవాడు.

ఒకరోజు ఆయన బొమ్మ చూస్తానన్నాడు. ఆర్నౌట్ ఇంకా ఆరలేదన్నాడు. తప్పించుకోలేక తెచ్చి కుర్చీ ముందు నిలబెట్టాడు. ఖాళీ పచ్చికలో ఒక్క ఆవు.

త్యూనిస్ చాలాసేపు చూశాడు. వేలు ఎత్తి, తాకకుండా, ఆవు పొట్ట వెంట గాలిలో గీశాడు.

"కడుపు కిందికి దిగింది. క్రిస్మసుకి ఈనుతుంది," అన్నాడు. ఆగాడు. "బతికుంటే... ఈనేది."

"గుర్తున్నంత వరకూ వేశాను," అన్నాడు ఆర్నౌట్.

"మంచి జ్ఞాపకం బాబూ," అని కిటికీ వైపు తిరిగిపోయాడు ముసలాయన.

ఆ వారమే నది అవతల నుంచి కబురొచ్చింది. ఒక రైతు తన చావిట్లోకి రానిస్తానన్నాడు. బొమ్మలో బ్లెస్ ఒక్కతే ఉంది, పక్కన ఇంకో రెండు ఉంటే బాగుంటుంది. ఆర్నౌట్ వెళ్ళాడు. అక్కడ గడ్డిలో ఒక ఆవు తల వాల్చుకుని పడుకుని ఉంది. ఆ మెడ వంపు ఎంత అందంగా ఉందో... దగ్గరికి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దు పోయేదాకా గీశాడు. దాని కంట్లో నీరు కారుతోంది. ఆ తడి మీద వెలుగు పడితే మెరుపొచ్చింది. ఆ మెరుపుని కూడా గీశాడు.

రోగం దాటి రాకుండా వంతెన దగ్గర సిపాయిలు సున్నం నీళ్ళ తొట్టె పెట్టారు. అటునుంచి వచ్చే ప్రతివాడూ అందులో దిగి రావాలి. తనవి మంచి బూట్లు, సున్నంలో తోలు కాలిపోతుంది. ఆర్నౌట్ ఒక పడవవాణ్ణి పట్టుకుని కింద నుంచి దాటాడు. ఆలస్యమైందని, ఇంటికి కూడా పోకుండా, నేరుగా గాలిమరకే వెళ్ళాడు.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు.

తర్వాత ఒక సాయంత్రం... బ్లెస్ అరవలేదు.

ఆర్నౌట్ వెళ్ళేసరికి హిల్లెగొండ గడ్డిలో కూర్చుని, దాని తలని ఒళ్ళో పెట్టుకుని ఉంది. గౌను అంచుతో దాని ముక్కు తుడుస్తోంది. తుడిచిన చోట మళ్ళీ కారుతోంది.

"ఆవేళ ఎక్కడికెళ్ళారు?" అంది తల ఎత్తకుండా.

చెప్పాడు.

"వంతెన మీదుగా వచ్చారా?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె లాంతరు కిందికి దించింది. బూటు మడమ దగ్గర, కుట్టు సందులో, ఎండిన పేడ. ఇక్కడిది కాదు.

తిట్టలేదు. ఏడవలేదు. లాంతరు పక్కన పెట్టి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

ఎవర్ని పిలుస్తారు? పశువుల వైద్యుణ్ణి పిలిస్తే సిపాయిలు వస్తారు. ఆమెకి తెలిసిన కషాయాలన్నీ పోసింది. ఆర్నౌట్ నీళ్ళు మోశాడు. ఊరి పిల్లలు సంత్ నికోలాస్ వచ్చి మిఠాయిలు పెడతాడని పొయ్యి దగ్గర జోళ్ళు పెట్టుకుని పడుకున్న రాత్రి, ముందుకాళ్ళు మడిచి, బ్లెస్ పక్కకి ఒరిగిపోయింది. అది పోయాక కూడా లోపల దూడ కాసేపు కదిలింది. హిల్లెగొండ ఆ పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ కదలికా ఆగాక చెయ్యి తీసింది.

ఇద్దరూ గడలు పెట్టి నెట్టి, దాన్ని నీటిచక్రం గోతిలోకి దొర్లించారు. బీడులోంచి సున్నం తెచ్చి పోశారు. మట్టి కప్పారు. ఆర్నౌట్ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఆ చేతులతో ఇక కుంచె పట్టాలనిపించలేదు.

మర్నాడు చీకటి పడింది. త్యూనిస్ అలవాటుగా చెయ్యెత్తాడు.

నిశ్శబ్దం.

"ఈవేళ పిలవలేదే," అన్నాడు.

హిల్లెగొండ గిన్నెలు కడుగుతూనే ఉంది.

ఆ మర్నాడూ అంతే. ఆయన జావ ముట్టలేదు. రొట్టె ముట్టలేదు. నా ఆవులు కూడా నన్నొదిలేశాయి గొండా అని ఒక్క మాట అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆర్నౌట్ వెళ్ళిపోదామని పెట్టె సర్దుకున్నాడు. బొమ్మని ఏం చేయాలో తెలియక గోడకి తిప్పి పెట్టాడు. తెల్లారి మొదటి పడవకి పోవాలి. ఆఖరి సాయంత్రం పొగమంచు కిటికీ అద్దాల దాకా వచ్చి ఆనుకుంది. పెట్టెకి తాడు బిగిస్తున్నాడు.

అంబా —

తాడు చేతిలోంచి జారింది.

అంబా —

ఆ గోతిలో సున్నం పోసింది ఆయనే. మట్టి తొక్కింది ఆయనే. దాని కన్ను మీద మట్టి పడడం కళ్ళారా చూశాడు.

లాంతరు తీసుకోవడం కూడా మరిచి బయటికి నడిచాడు. మంచులో కట్ట అంచు తెలియక రెండుసార్లు నీళ్ళలోకి జారబోయాడు. అరుపు ఆగడం లేదు. సాగదీసి... ఆగి... మళ్ళీ. అదే వేళ. అదే గొంతు. అదే గాలిమర మొండెంలోంచి.

తలుపు తెరిచే ఉంది.

బ్లెస్ నిలబడే చోట, చీకటికన్నా నల్లగా, ఏదో నిలబడి ఉంది. పొడుగ్గా. నిటారుగా. దాని ఒళ్ళు ఒకసారి ఉబ్బింది —

అంబా —

ఆ అరుపు చివర... దగ్గు వచ్చింది. మనిషి దగ్గు.

హిల్లెగొండ. నోటి చుట్టూ రెండు చేతులూ దొప్పలా పట్టుకుని, ఇంటి వైపు తిరిగి నిలబడి ఉంది.

ఆయన్ని చూసి సిగ్గుపడలేదు. ఊపిరి తీసుకుంది. "ఆయన తినడం లేదు," అంది. గొంతు అప్పటికే సగం పోయింది. "ఆ పిలుపు ఒక్కటే ఆయన్ని పట్టి ఉంచింది. మీరు వెళ్ళి ఆయన దగ్గర కూర్చోండి బాబూ. వినబడుతోందో లేదో చూడండి. నమ్ముతున్నాడో లేదో..."

ఇంకేదో అనబోయి, చేతులు మళ్ళీ నోటికి పెట్టుకుంది.

ఆర్నౌట్ తిరిగొచ్చాడు. గదిలో కిటికీ దగ్గర దీపం వెలుగుతోంది. త్యూనిస్ కాళ్ళ కింద నిప్పుల పెట్టె పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. ఆర్నౌట్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బయట నుంచి అరుపు వచ్చింది.

ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మళ్ళీ పిలుస్తున్నాయి," అన్నాడు ఆర్నౌట్. తన గొంతు తనకే అసహ్యంగా వినబడింది.

"గొంతు పోతుంది పిచ్చిదానికి," అన్నాడు త్యూనిస్. "ఈ మంచులో."

ఆర్నౌట్ తల తిప్పి ఆయన్ని చూశాడు.

"నేను పుట్టింది గొడ్లచావిట్లో బాబూ. ఆవు గొంతేదో, పెళ్ళాం గొంతేదో తెలియదా నాకు."

తర్వాత ఆయన మెల్లగా, అక్కడక్కడా ఆగుతూ చెప్పాడు. మొదటి సాయంత్రం అరుపు విన్న క్షణమే అది బ్లెస్ అని గుర్తుపట్టాడట. అప్పటికి ప్రమాణం చేసి ఎంతోసేపు కాలేదు. తెలిసీ ఊరుకుంటే దేవుడి ముందు దొంగ. చెబితే గొండని జైల్లో వేస్తారు, ఆవుని కాలుస్తారు. రాత్రంతా ఆలోచించాడు. పొద్దున్న చూడ్డానికి వచ్చిన మొదటి మనిషితో చెప్పాడు — చచ్చిన ఆవులు అరుస్తున్నాయని.

"దెయ్యాన్ని అప్పజెప్పమని ఏ చట్టంలోనూ లేదు కదా," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "చర్చి పెద్దవై ఉండి దెయ్యాలంటావా అని పాస్టరు గారు కోప్పడ్డారు. పడనిచ్చాను. భయముంటే అటు మనిషి పోడు. మనిషి పోకపోతే రోగమూ అటు చేరదు. అది ఈనేదాకా ఆ భయం నిలబడితే చాలనుకున్నాను."

"ఆమెకి చెప్పలేదా?"

"చెబితే నా ఆత్మని తనే నరకానికి పంపానని ఏడుస్తుంది. మీరూ చెప్పకండి. వినబడిందనండి. నమ్మాడనండి. పొద్దున జావ తాగుతాను."

బయట అరుపు మళ్ళీ మొదలైంది. ఈసారి సగంలోనే విరిగిపోయింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మొదలైంది.

ఆర్నౌట్ కుర్చీ ముందు మోకాళ్ళ మీదికి జారాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. "త్యూనిస్ గారూ, నేను..." అన్నాడు.

ముసలాయన చెయ్యెత్తాడు. కోపంతో కాదు. వినబడనివ్వమన్నట్టు.

"పడవలవాళ్ళు భయపడ్డారు," అన్నాడు. "రొట్టెలవాడు భయపడ్డాడు. తుపాకులున్న సిపాయిలు కూడా భయపడ్డారు బాబూ."

ఆయన కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

"మీరొక్కరే వెళ్ళారు."